ఇంట్లో పాటలు వినే సిస్టమ్ మార్చాలంటే ఎంతవరకు ఖర్చు పెట్టడం సబబు?

కృష్ణాతీరం (విజయవాడ):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పదిహేనేళ్ల నాటి స్టీరియో యాంప్లిఫయర్, దానితోపాటే కొన్న రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి. మేము వినేది ఎక్కువగా కర్ణాటక సంగీత కచేరీలు, ఘంటసాల, సుశీల గార్లు పాడిన పాత సినిమా పాటలు. ఉదయం పూట మా నాన్నగారు, రాత్రి భోజనాలయ్యాక నేను వింటాం. గది 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంటుంది. కింద విట్రిఫైడ్ టైల్స్, పైన స్లాబు, ఒక పక్క గోడంతా అద్దాల కిటికీ.

కొంతకాలంగా ఆ శబ్దం తృప్తినివ్వడం లేదు. మృదంగం తొప్పి (ఎడమ వైపు) మీద పలికే లోతైన గుమ్కీలు సోఫాలో కూర్చుంటే ముద్దగా, గుమ్మని వినిపిస్తాయి. గాయకుడు పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతు గీరుకుపోయినట్లు ఉంటుంది. తంబురా ఉందో లేదో తెలియనే తెలియదు. ఒక దుకాణంలో అడిగితే యాంప్లిఫయర్, స్పీకర్లు, కేబుళ్లు అన్నీ మార్చాలని చెప్పి 2,30,000 రూపాయలకు అంచనా రాసిచ్చారు. నేను అనుకున్నది లక్షన్నర. ఇంటి అప్పు వాయిదాలు, అమ్మాయి కాలేజీ ఫీజులు ఉండగా అది కూడా ఆలోచించి పెట్టవలసిన డబ్బే. అంత పెడితే అంత తేడా నిజంగా వినిపిస్తుందా, లేక నలభై యాభై వేలతోనే సరిపోతుందా? మా తమ్ముడు సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి వస్తున్నాడు, అక్కడి నుంచి తెప్పించుకుంటే కలిసివస్తుందా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు.

శ్రుతిలయ (హైదరాబాద్):

కృష్ణాతీరం గారూ, చేతిలో లక్షన్నర ఉంది కాబట్టి లక్షన్నర పెట్టాలని మొదలుపెడితే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. వినబడవలసినది ఏది వినబడటం లేదో, వినబడకూడనిది ఏది వినబడుతోందో విడదీసి చూస్తే, ఏ లోపం ఎంత ఖర్చుతో పోతుందో తెలిసివస్తుంది. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూడు వేర్వేరు కారణాలు ఉండే అవకాశమే ఎక్కువ.

గుమ్మనే ముద్ద శబ్దంలో పెద్ద వంతు గదిది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు తరంగదైర్ఘ్యం ఉన్న శబ్దం ఆ గోడల మధ్య నిలిచి బలపడుతుంది. మీ గది కొలతలకు అది పొడవులో 40, వెడల్పులో 47, ఎత్తులో 56 హెర్ట్జ్ దగ్గర, ఆపైన వాటి గుణిజాల దగ్గర జరుగుతుంది. గోడల దగ్గర, మూలల్లో ఆ బలం అన్నిటికంటే ఎక్కువ. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటే రెండు మూడడుగులు ముందుకు జరపండి, స్పీకర్లను మూలల నుంచి ఇవతలికి తీయండి. ఇప్పుడున్న చోటే లక్ష రూపాయల స్పీకర్లు పెడితే, అవి ఇంకా కింది స్వరాలను కూడా పలికిస్తాయి కాబట్టి ఆ ముద్ద శబ్దం మరింత పెరగవచ్చు.

గీరుకుపోవడానికి టైల్స్, అద్దాలు కారణం కావచ్చు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగిన తర్వాత సన్నగా, రేకు అదిరినట్లు వెంటవెంటనే తిరిగివస్తుంటే, పాటలోని పై స్వరాలు కూడా అలాగే గోడల మధ్య తిరుగుతున్నాయని అర్థం. స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద మందపాటి వరంగల్ జంపఖానా ఒకటి పరిచి, కిటికీకి బరువైన తెర వేసి మళ్లీ వినండి.

తర్వాత స్పీకర్ల ముందున్న జాలీ తీసి, వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద భాగం) కోన్ చుట్టూ ఉండే మెత్తటి అంచును వేలితో తాకి చూడండి. అది ఫోమ్‌తో చేసినదైతే, మన కోస్తా తేమకు ఇన్నేళ్లలో నల్లటి పొడిగా వేలికి అంటుకునే స్థితికి వచ్చి ఉండవచ్చు. అంచు చిరిగితే కింది స్వరాలు వణుకుతూ వస్తాయి. ఆ అంచు ఒక్కటీ మార్చేవారు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల దొరుకుతారు, కొత్త స్పీకర్ల ధరతో పోలిస్తే అది చాలా చిన్న ఖర్చు. చివరగా, మోనోలో రికార్డయిన ఘంటసాల పాట ఒకటి పెట్టండి. గొంతు రెండు స్పీకర్లకూ సరిగ్గా నడుమ నిలబడి పాడుతున్నట్లు ఉండాలి. ఒక పక్కకు లాగుతుంటే ఒక ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న భాగం) బలహీనపడిందనో, అమరిక సమంగా లేదనో అనుకోవాలి. ఎక్కడా నిలవక చెదిరిపోతుంటే ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు వైర్లు తారుమారై ఉండవచ్చు.

యాంప్లిఫయర్ సరిగా పనిచేస్తుంటే దాని జోలికి పోవద్దు. ఒక వాటుకు మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్లు రెండు ఉంటే, మీ గదిలో మామూలుగా వినే స్థాయికి ఒక వాటు కూడా అక్కర్లేదు. మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనంలోని పెద్ద దెబ్బలకు పది, ఇరవై వాట్లు కావాలి. 50 వాట్లది తీసేసి 100 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు శబ్దంగా తోచాలంటే సుమారు పది రెట్లు శక్తి కావాలి. వాల్యూమ్ తిప్పుతుంటే చిటపటలు వస్తున్నాయంటే ఆ మీట లోపల దుమ్ము చేరిందని అర్థం, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. కేబుళ్ల సంగతికి వస్తే, ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ రాగి వైరు అయిదు మీటర్లు లాగినా, రానూపోనూ కలిపి కరెంటుకు దాని నిరోధం 0.1 ఓమ్ లోపే. 8 ఓమ్‌ల స్పీకరు ముందు అది లెక్కలోకి రాదు. ఆ అంచనాలో కేబుళ్ల కోసం రాసిన మొత్తాన్ని నిస్సంకోచంగా కొట్టివేయండి.

దూరతీరం (డాలస్):

తెప్పించుకోవడం గురించి మాత్రం చెబుతాను. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ అమ్మే యాంప్లిఫయర్లలో చాలావాటికి వోల్టేజి మార్చుకునే వీలు ఉండదు, అక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నడవవు. అలాంటి యాంప్లిఫయర్‌ను పొరపాటున నేరుగా 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. కరెంటుతో నేరుగా సంబంధం లేని పాసివ్ స్పీకర్లకు ఈ చిక్కు లేదు. అయితే బరువు, పెట్టె కొలత, కస్టమ్స్ సుంకం కలుపుకున్నాక మిగిలేది ఎంతో ముందే లెక్క వేసుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇక్కడి వారంటీ సాధారణంగా అక్కడ చెల్లదు. రెండు ధరల మధ్య తేడా మూడో వంతు కంటే తక్కువైతే నేను మా వాళ్లకు అక్కడే కొనుక్కోమని చెబుతాను.

నాదలోలుడు (విశాఖపట్నం):

శ్రుతిలయ గారు చెప్పిన పరీక్షలన్నీ చేయవలసినవే. అయితే గది సర్దుకున్నంత మాత్రాన తంబురా వినిపిస్తుందని నేను అనుకోను. తీగల కింద పెట్టే దారం వల్ల పుట్టే ఆ ఝుంకారంలో సన్నని పై స్వరాలు చాలా ఉంటాయి, అవి తక్కువ స్థాయిలో, గాత్రం వెనక ఉంటాయి. వాటిని వేరుగా నిలబెట్టడం స్పీకరు పని. అందువల్ల డబ్బు పెట్టాలంటే స్పీకర్లకే పెట్టండి, అదీ ఒక్కసారే పెట్టండి. పదేసి వేలు చొప్పున మూడుసార్లు మార్చేవారిని చాలామందిని చూశాను. మార్చిన ప్రతిసారీ పాతవి సగం ధరకు అమ్ముకుని, మొత్తం మీద ఎక్కువే పోగొట్టుకున్నారు. మీ గదికి, మీరు వినే సంగీతానికి అరవై డెబ్బై వేల లోపు మంచి బుక్‌షెల్ఫ్ జత చాలునని నా అభిప్రాయం. అంతకు పైన పెట్టే ప్రతి పదివేలకూ వినిపించే తేడా తగ్గిపోతూ వస్తుంది.

విని ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొంచెం ఎక్కువ శబ్దంతో మోగేది చెవికి మెరుగ్గా తోస్తుంది. ఫోనులో దొరికే ఉచిత సౌండ్ మీటరుతోనైనా రెండు జతలనూ ఒకే స్థాయికి తెచ్చి, మీకు బాగా తెలిసిన కచేరీని మీరే తీసుకువెళ్లి వినండి. కెనడా జాతీయ పరిశోధన మండలిలోనూ, ఆ తర్వాతా ఫ్లాయిడ్ టూల్ చేసిన పరీక్షలలో, స్పీకర్లను తెర వెనక ఉంచి వినిపించినప్పుడు శ్రోతలు ఎక్కువగా మెచ్చినవి అన్ని స్వరాలనూ సమంగా పలికించేవే. బ్రాండు, రూపం కంటికి కనబడితే తీర్పు మారిపోయింది కూడా. వీలైతే మీ అమ్మాయిని తోడు తీసుకువెళ్లి, ఏది మోగుతోందో మీకు చెప్పకుండా మార్చమనండి.

సీడీ కంటే సూక్ష్మమైన రికార్డింగు అంటూ హై రిజల్యూషన్ పేరుతో అడిగే అదనపు ధరకు కూడా లొంగవద్దు. సీడీలో సెకనుకు 44,100 సార్లు (44.1 కిలోహెర్ట్జ్) తీసే శబ్ద నమూనాలు మనిషి చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ దాకా సరిపోతాయి. మోనో రోజుల పాటల్లో ఆ పై అంచు స్వరాలు నామమాత్రమే. వయసు పెరిగేకొద్దీ అందరికీ ముందుగా తగ్గేది కూడా ఆ పై స్వరాల వినికిడే. నాన్నగారు కూర్చునే కుర్చీ రెండు స్పీకర్లకూ సమదూరంలో, ట్వీటర్లు ఆయన చెవి ఎత్తులో ఉండేలా స్టాండ్లు చేయించడం వల్ల ఆయనకు కలిగే మేలు అంతకంటే ఎక్కువ.

కృష్ణాతీరం (విజయవాడ):

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. సోఫా జరిపాక గుమ్మనడం చాలావరకు తగ్గింది. జాలీ తీసి చూస్తే ఎడమ స్పీకరు అంచు సగం చుట్టు దాకా చిరిగి ఉంది, తాకగానే పొడిగా రాలింది. రెండింటికీ అంచులు మార్పించి, జంపఖానా, తెరలు వేయించాను. అన్నీ కలిపి పదివేలు దాటలేదు. పై స్థాయి గాత్రం ఇప్పుడు హాయిగా ఉందని నాన్నగారు అన్నారు. తంబురా విషయంలో నాదలోలుడు గారి మాటే నిజమైంది, ఉందని తెలుస్తోంది కానీ తేటగా లేదు. అందుకని స్పీకర్లు మాత్రమే మార్చి, 70,000 దగ్గర గీత గీద్దామని, యాంప్లిఫయరు ఇదే ఉంచుదామని నిర్ణయించాం. తమ్ముణ్ణి ఏమీ తెమ్మనలేదు. నాకు నచ్చిన ఒక జత మీద 4 ఓమ్‌లు అని ఉంది, మా యాంప్లిఫయరు వెనక 6 నుంచి 16 ఓమ్‌లు అని ముద్రించి ఉంది. పరవాలేదా?

శ్రుతిలయ (హైదరాబాద్):

ఆ జత వద్దండీ. ఒకే వోల్టేజి దగ్గర 4 ఓమ్‌ల స్పీకరు 8 ఓమ్‌లదాని కంటే రెట్టింపు కరెంటు లాగుతుంది, పాత యాంప్లిఫయరు ఎండాకాలంలో వేడెక్కి ఆగిపోవచ్చు. 8 ఓమ్‌లు, 86 డెసిబెల్స్ లేదా అంతకు పైన సున్నితత్వం (ఒక వాటుకు మీటరు దూరంలో ఇచ్చే శబ్దం) ఉన్న జతలనే వినండి. డబ్బు కట్టే ముందు, మీ గదిలో వారం రోజులు పెట్టి విని, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని దుకాణం వారి చేత బిల్లు మీదే రాయించుకోండి. అట్టపెట్టెలు, లోపలి థర్మోకోల్ ఆ వారం గడిచేదాకా పారవేయకండి.