సీటున్న నాలుగు చక్రాల వాకర్: పొట్టి మనిషికి, అరిగిన మోకాళ్లకు ఏది సరిపోతుంది?

ప్రశ్న (నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారికి డెబ్బై రెండేళ్లు. రెండు మోకాళ్లూ బాగా అరిగిపోయాయి. ఆపరేషన్ చేయించుకోనని ఆవిడ ఖచ్చితంగా చెప్పేశారు, ఆ మాటను మేమూ గౌరవిస్తున్నాము. ఇంతవరకు చేతికర్రతో నడిచారు. ఇప్పుడు మా వీధి చివరనున్న రామమందిరం దాకా వెళ్లాలన్నా మధ్యలో ఎవరి అరుగు మీదో కాసేపు కూర్చోవలసి వస్తోంది. కొత్తగా కట్టుకుంటున్న ఇళ్లకు అరుగులు ఉండడం లేదు కాబట్టి ఆ ఆసరా కూడా పోతోంది. అందుకే నాలుగు చక్రాలు, చేతి బ్రేకులు, మధ్యలో సీటు ఉన్న వాకర్, అంటే రోలేటర్, కొనాలనుకుంటున్నాము.

ఆవిడ ఎత్తు అయిదడుగులకు కాస్త తక్కువ, బరువు డెబ్బై కిలోల పైనే. ఇంట్లో నేల టైల్సు, వీధి సిమెంటు రోడ్డు, ఆ రోడ్డుకు అడ్డంగా రెండు చోట్ల కాలువ మీద పరిచిన బండలు ఉన్నాయి. చక్రాలు ఆరంగుళాలవి తీసుకోవాలా, ఎనిమిదంగుళాలవా? ఇనుపదా, అల్యూమినియందా? సీటు ఎంత ఎత్తులో ఉండాలి? ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, ధరలు మాత్రం అయిదారు వేల నుంచి పదిహేను వేల దాకా ఉన్నాయి. ఇంట్లో వాడి చూసినవారు, వైద్యరంగంలో ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (ఫిజియోథెరపిస్టు, విజయనగరం)

అమ్మా, మీరు చక్రాల గురించీ సీటు గురించీ అడిగారు. ఆ రెండింటి కంటే ముందు చూడవలసినవి హ్యాండిల్ ఎత్తు, బ్రేకు. మీ అత్తయ్యగారి విషయంలో ఈ రెండూ ఇబ్బంది పెట్టే అవకాశం ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట ఎత్తు సంగతి. ఆవిడను రోజూ వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబెట్టి, చేతులు వదులుగా పక్కకు వేలాడనివ్వండి. నేల నుంచి మణికట్టు మీది ముడత వరకు టేపుతో కొలవండి. హ్యాండిల్ ఆ ఎత్తులోనే ఉండాలి. అప్పుడు హ్యాండిల్ పట్టుకుంటే మోచేయి ఇరవై, ముప్పై డిగ్రీలు వంగి, భుజాలు పైకి లేవకుండా ఉంటాయి. అయిదడుగుల లోపు మనిషికి ఈ కొలత సుమారుగా ఇరవై తొమ్మిది అంగుళాల దగ్గర వస్తుంది. కానీ మార్కెట్లో దొరికే మామూలు సైజు రోలేటర్లలో చాలావాటికి హ్యాండిల్‌ను ఎంత కిందికి దించినా ముప్పై ఒకటి, ముప్పై రెండు అంగుళాల దగ్గరే ఆగిపోతుంది. అటువంటిది కొంటే ఆవిడ భుజాలు ఎగదీసి నడుస్తారు, పది నిమిషాలకే మెడ, భుజాలు నొప్పి పుడతాయి, చివరకు బండి మూలన పడుతుంది. అందుచేత హ్యాండిల్ ఎత్తు ఎంత నుంచి ఎంత వరకు మారుతుందో చూడకుండా డబ్బు కట్టవద్దు. పొట్టివారి కోసం చిన్న సైజులో చేసినవి విడిగా ఉంటాయి, అడిగి తెప్పించుకోవాలి.

సీటు ఎత్తు కూడా దీనితో ముడిపడినదే. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి. పెద్ద సైజు బండ్ల సీటు ఇరవై, ఇరవై రెండు అంగుళాల ఎత్తులో ఉంటుంది, ఆవిడకు అది ఎక్కువ. అలాగని మరీ కిందికి ఉన్నా అరిగిన మోకాళ్లతో పైకి లేవడం కష్టం. ఆవిడకు పద్దెనిమిది అంగుళాల దగ్గర ఉన్నది చూసుకోవడం మంచిది.

ఇక బ్రేకు. రోలేటర్‌కు సైకిల్‌కు ఉన్నట్టే రెండు చేతుల దగ్గర రెండు పిడులు ఉంటాయి. పైకి నొక్కి పడితే నడకలో వేగం తగ్గుతుంది. కిందికి నొక్కితే టక్‌మని శబ్దమై వెనుక చక్రాలు బిగుసుకుంటాయి, కూర్చోవడానికి ముందు చేయవలసింది ఇది. మోకాళ్లు అరిగిన చాలామందికి చేతివేళ్ల కీళ్లు కూడా పట్టేసి ఉంటాయి. ఆవిడ రెండు చేతులతోనూ, ఎవరి సాయం లేకుండా, పిడిని పూర్తిగా నొక్కి మళ్లీ విడిపించగలరా అన్నది దుకాణంలోనే చూడండి. నొక్కలేకపోతే ఆ బండి ఎంత ఖరీదైనదైనా ఆవిడకు పనికిరాదు. బ్రేకు అందని నాలుగు చక్రాల బండి, కర్ర కంటే ప్రమాదకరం.

మరొక ముఖ్యమైన విషయం ఉంది. రోలేటర్ శరీర బరువంతా చేతుల మీద మోపి నడవడానికి చేసినది కాదు. తుంటి విరిగి ఒక కాలి మీద బరువు మోపకూడదన్నవారికి, ఆపరేషన్ అయిన కొత్తలో ఉన్నవారికి చక్రాలు లేని వాకర్ గానీ, ముందు మాత్రమే రెండు చక్రాలున్న వాకర్ గానీ ఇస్తాము. రోలేటర్‌ను 1978లో రూపొందించిన స్వీడన్ మహిళ ఐనా వీఫాల్క్ స్వయంగా పోలియో సోకినవారు. తమ కాళ్లతో నడవగలిగి, త్వరగా అలసిపోయేవారికే ఈ బండి బాగా కుదురుతుంది. మీరు చెప్పిన దాన్ని బట్టి మీ అత్తయ్యగారు ఆ కోవలోకే వస్తారు. అయినా ఆవిడకు తల తిరగడం, నిలబడగానే తూలడం వంటివి ఉన్నాయేమో ముందుగా డాక్టరుకు చూపించండి.

చక్రాల విషయానికి వస్తే, వీధిలో నడవడానికి ఎనిమిదంగుళాలవే తీసుకోండి. ఆరంగుళాలవి ఇంటి నేల మీద బాగుంటాయి గానీ బండల మధ్య సందు దగ్గర ఠక్కున ఆగిపోతాయి. బండి ఆగినా మనిషి ఒళ్లు ముందుకు పోతుంది. పడిపోవడాలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

జవాబు 2 (బొబ్బిలి)

పై జవాబులో చెప్పిన విషయానికి మా ఇంటి అనుభవం ఒకటి జతచేస్తాను, ఇది చదివే మరొకరికి ఉపయోగపడవచ్చు. మా నాన్నగారికి పార్కిన్సన్స్ వ్యాధి ఉంది. నడక మొదలుపెట్టాక అడుగులు చిన్నవై, వేగం దానంతట అదే పెరిగిపోతుంది. మేము కూడా మొదట సీటున్న రోలేటరే కొందామనుకుని డాక్టరును అడిగితే, మామూలు రోలేటర్ అటువంటివారి ముందు పరుగెత్తుతుందని, దాని వెంట ఆయన పడిపోయే ప్రమాదం ఉందని చెప్పి వద్దన్నారు. చక్రాల వేగాన్ని ముందుగానే తగ్గించి పెట్టుకునే ఏర్పాటు ఉన్నవీ, పిడి నొక్కితేనే కదిలి, వదిలేస్తే ఆగిపోయేవీ కొన్ని ఉంటాయట. నడిపించి చూపించిన తరువాతే ఏది వాడాలో తేల్చుకోమన్నారు. కాబట్టి పక్కింటివారికి కుదిరిందని మనవారికీ అదే కొనకూడదు. జబ్బు వేరైతే బండి కూడా వేరవుతుంది.

జవాబు 3 (శ్రీకాకుళం)

మా అమ్మ రోలేటర్ వాడుతోంది. ఫిజియోథెరపిస్టుగారు చెప్పినవన్నీ నిజమే, నేను ఇంటి సంగతులు కొన్ని చెబుతాను.

మొదటిది గడప. మన ఇళ్లలో పసుపు కుంకుమలు పెట్టే గడపను తీసేయమని ఎవరూ అనలేరు, అనవలసిన అవసరమూ లేదు. గడపకు అటూ ఇటూ వాలుగా చెక్క వేయిస్తే సరిపోతుంది. అయితే వడ్రంగి చెక్క ఆదా చేద్దామని నిటారుగా వేసేస్తాడు, అలా వేయనివ్వకండి. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు లెక్కన, రెండంగుళాల గడపకు ఒక్కో వైపు రెండడుగుల వాలు ఉండాలి. వాలు చెక్క మీద గరుకుగా ఉండే పట్టీ అంటించండి, లేకపోతే వానాకాలంలో జారుతుంది.

రెండవది తలుపు వెడల్పు. రోలేటర్ మొత్తం వెడల్పు సాధారణంగా రెండడుగులో, ఇంకొక అంగుళమో రెండు అంగుళాలో ఎక్కువగానో ఉంటుంది. స్నానాల గది తలుపులు చాలా ఇళ్లలో అంతే ఉంటాయి, బండి దూరదు. దూరినా తడి నేల మీద దాన్ని నమ్మకూడదు. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకు స్టీలు కడ్డీలు బిగించి, బండిని గుమ్మం దగ్గరే వదిలేయడం మా పద్ధతి.

మూడవది చీర. దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. రోలేటర్‌లో మనిషి వెనుక చక్రాల మధ్యన నిలబడి నడుస్తుంది కాబట్టి కుచ్చిళ్ల అంచు, జారిన పమిట కొంగు చక్రంలోకి పోతాయి. మా అమ్మ ఇప్పుడు చీరను చీలమండ పైకి కడుతోంది, కొంగు నడుముకు దోపుకుంటోంది. ముందు చక్రాల ఇరుసులకు తలవెంట్రుకలు, దారాలు చుట్టుకుని అవి బిరుసెక్కుతాయి. అప్పుడప్పుడు బండిని తిరగేసి కత్తెరతో తీసేయాలి.

బ్రేకు వైరు వాడుతున్న కొద్దీ వదులవుతుంది. దానికి దూరం వెళ్లనక్కర లేదు. సైకిల్ బ్రేకు లాంటిదే కాబట్టి సైకిల్ షాపు మనిషే స్పానరుతో బిగించేస్తాడు. బ్రేకు వేసి సీటు మీద చేత్తో గట్టిగా తోసి చూడండి. వెనుక చక్రం ఏమాత్రం కదిలినా ఆ రోజు దాని మీద కూర్చోనివ్వకండి.

ఇనుమా అల్యూమినియమా అని అడిగారు. మీరూ మేమూ సముద్రానికి అంత దూరంలో లేము, ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అల్యూమినియంది ఆరేడు కిలోలే ఉంటుంది, మడిచి ఆటోలో పెట్టుకోవచ్చు. అయితే అల్యూమినియం బండి కొన్నా దానిలోని నట్లు, స్ప్రింగులు ఇనుపవేనన్నది గుర్తుంచుకోండి. తడిస్తే తుడిచి పెట్టాలి. బండి ఎంత బరువు మోస్తుందో లేబుల్ మీద రాసి ఉంటుంది, వంద కిలోలకు తగ్గనిది తీసుకోండి.

డబ్బు ఇబ్బంది ఉన్నవారి కోసం ఒక మాట. కేంద్ర ప్రభుత్వపు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన రాష్ట్రంలోనే, నెల్లూరు జిల్లాలో మొదలైంది. అరవై ఏళ్లు దాటిన పేదలకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు వంటివి శిబిరాలు పెట్టి ఉచితంగా ఇస్తారు. ఈ శిబిరం ఎప్పుడు పెడతారో జిల్లా కేంద్రంలో వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగవచ్చు. అయితే అక్కడ ఇచ్చేది మీ కొలతకు సరిపోతుందో లేదో మీరే చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు (నరసన్నపేట)

అందరికీ కృతజ్ఞతలు. చెప్పులు వేయించి కొలిచాను, మణికట్టు దగ్గర ఇరవై ఎనిమిదిన్నర అంగుళాలు వచ్చింది. ఇక్కడి దుకాణంలో ఉన్న బండిని పూర్తిగా దించినా ముప్పై రెండు దగ్గరే ఆగింది. మీరు చెప్పకపోతే అదే కొనేవాళ్లం. చిన్న సైజుది తెప్పిస్తామన్నారు. ఇంకొక ఇబ్బంది కూడా తెలిసింది: అత్తయ్యగారు కుడి చేతి బ్రేకును బాగానే నొక్కగలుగుతున్నారు, ఎడమ చేతి వేళ్లకు మాత్రం బలం చాలడం లేదు. గుడి దగ్గర మా అబ్బాయి నాయనమ్మను దాని మీద కూర్చోబెట్టి తోసుకువస్తానంటున్నాడు, అది చేయవచ్చా?

జవాబు 1 (ఫిజియోథెరపిస్టు, విజయనగరం)

తోయకూడదమ్మా, ఈ మాట మనవడికి గట్టిగా చెప్పండి. రోలేటర్ సీటు కాసేపు అలుపు తీర్చుకోవడానికి మాత్రమే. దానికి పాదాలు పెట్టుకునే చోటు ఉండదు, కాళ్లు నేలకు ఈడ్చుకుపోతాయి, చిన్న రాయి తగిలినా బండి వెనక్కి తిరగబడుతుంది. తోసుకువెళ్లవలసిన అవసరమే ఉంటే చక్రాల కుర్చీ వేరే తీసుకోవాలి.

ఎడమ చేయి విషయానికి, ఒకే పిడి నొక్కితే రెండు వెనుక చక్రాలూ ఒక్కసారే ఆగే రకం ఉంటుంది. పక్షవాతం వచ్చినవారి కోసం చేసినది. చిన్న సైజులో అది దొరుకుతుందేమో విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గరి సర్జికల్ దుకాణాల్లో కూడా అడిగించండి. బరువు పడితే దానంతట అదే ఆగే స్ప్రింగు బ్రేకు రకాన్ని అంటగడతారేమో, ఒప్పుకోకండి. దానికి హ్యాండిల్‌ను బలంగా కిందికి అదమాలి, ఆవిడ ఎడమ చేతికి అది ఇంకా కష్టం. ఒంటిచేతి బ్రేకుది దొరకకపోతే ముందు రెండు చక్రాలున్న వాకరే తీసుకుని, గుడి దారిలో తెలిసినవారి ఇంటి ముందు ఒక కుర్చీ వేయించమని అడగండి.

బండి వచ్చాక మొదటి కొన్ని రోజులు ఇంట్లోనే, మీరు పక్కన ఉండి అలవాటు చేయించండి. కూర్చునేటప్పుడు బండిని గోడకు ఆనించి, రెండు బ్రేకులూ బిగించి, వెనక్కి తిరిగి, సీటు కాళ్ల వెనుక తగిలిన తరువాతే కూర్చోవాలి. మంచం మీది నుంచి లేచేటప్పుడు బండిని పట్టుకుని లేవకూడదు. రెండు చేతులూ మంచం అంచు మీద ఆనించి లేచి, నిలదొక్కుకున్నాకే హ్యాండిల్ అందుకోవాలి. కొబ్బరికాయ, పూల సంచీ సీటు కింది బుట్టలో పెట్టండి. హ్యాండిల్‌కు తగిలిస్తే బండి ఆ పక్కకు లాగుతుంది. బండల మీద కాలువ దాటేటప్పుడు మాత్రం మొదట్లో ఎవరో ఒకరు ఆవిడ పక్కనే, కాస్త వెనుకగా నడవాలి.

ప్రశ్న అడిగినవారు (నరసన్నపేట)

అర్థమైందండి, మా అబ్బాయికి ఈ జవాబు చదివి వినిపించాను. ఆదివారం అత్తయ్యగారిని కారులో విశాఖ తీసుకువెళ్లి, ఆవిడ చేతనే నడిపించి, బ్రేకు నొక్కించి చూశాకే కొంటాము.