ఈ కుర్చీ నిజంగా పాతదేనా? చెక్క తెలిసినవాళ్లు చెప్పండి

ఉద్యోగం మీద షాంఘై వచ్చి నాలుగేళ్లయింది. ఇక్కడి మ్యూజియంలో పాత చెక్క సామాన్ల పండితుడు వాంగ్ షిషియాంగ్ సేకరించిన 79 మింగ్, చింగ్ రాజవంశాల కాలపు సామాన్లు చూసిన దగ్గర్నుంచి ఈ పిచ్చి పట్టుకుంది. మేకు కనపడదు, అంతా కుసుళ్ల మీదే, అంటే ఒక కర్ర కొనని ఇంకో కర్ర తొలిలో దూర్చిన అతుకుల మీదే నిలబడి ఉంటుంది.

పోయిన వారం ఒక దుకాణంలో గుండ్రటి వీపు కుర్చీ చూశాను, ‘చ్వాన్‌యీ’ అంటారు. హువాంగ్‌హువాలీ అనే ఖరీదైన గట్టి కర్ర, మింగ్ చివరి కాలం అన్నాడు దుకాణదారు. ధర నా ఏడాది జీతం. అసలుదైతే అది మరీ చవక, అక్కడే అనుమానం మొదలైంది.

పాదాలు ఆనించే ముందు అడ్డకర్ర నడుమ అరిగింది, నిజమే. కానీ ఆ అరుగుదల ఉలితో గీకినట్టు రెండువైపులా సమానంగా ఉంది. కుర్చీ తిరగేస్తే పేము అల్లడానికి తొలిచిన చిల్లులు ఉన్నాయి, అంచులు మాత్రం నిన్న తొలిచినంత పదును. పేము లాగీ లాగీ ఆ అంచులు నున్నబడాలి కదండీ?

పైగా అతనే ‘జితాన్’ పెట్టె ఒకటి చూపించాడు. జితాన్ అంటే మన శేషాచలం ఎర్రచందనమే. కడప జిల్లావాణ్ని, చూడగానే గుర్తుపడతాననుకున్నాను. నల్లగా మెరుస్తుంటే నోరు పెగల్లేదు!

ఇండియా తెచ్చే ఆలోచన లేదు, 1911కి ముందువి చైనా దాటనివ్వరు. చైనా దీవి హైనాన్ హువాంగ్‌హువాలీనీ, దానిలాగే ఉండే వియత్నాం కర్రనీ ఎలా వేరుచేస్తారు? చిల్లులు చూసి వయసు చెప్పొచ్చా? బేరం ఆదివారం దాకా ఆపాను.