అప్‌డేట్: తలుపు దగ్గర నేల కుంగుతున్న పాత క్యారవాన్

అనంతపురంలో అమ్మకానికున్న క్యారవాన్‌లో (లోపల ఇల్లులా ఉండే బండి), తలుపు దగ్గర అడుగేస్తే నేల కుంగుతోంది, కొనొచ్చా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే చూశాం.

వినైల్ షీటు అంచు లేపితే ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉన్నాయి, స్క్రూడ్రైవర్ సులువుగా దిగింది. తేమ మీటరు సింకు కింద 12 శాతం, గడప దగ్గర 26. 20 దాటితే అనుమానించాల్సిందే. కానీ మన సీమ ఎండలకు చెక్క ఆరిపోయి, నీళ్లు కారే బండిలోనూ మీటరు తక్కువే చూపొచ్చు. మరకలు, తుప్పుపట్టిన స్క్రూలు మాత్రం దాగవు.

అందుకే పైపుతో నీళ్లు పట్టాం. కింది అతుకులతో మొదలుపెట్టి, ఒక్కోదానికి పది నిమిషాలు, పైకప్పు చివర్లో. ముందే పైన తడిపితే ఎక్కడ కారుతోందో తేలదు. దొరికింది కిటికీ మూల: పాత సిలికాన్ గీకకుండా దానిమీదే మళ్లీ పూశారు, అది పట్టుకోదు. నీళ్లు గోడలోపల జారి గడప కిందికి చేరుతున్నాయి.

పొరలు విడిపోవడం వరకే అయితే, ఆరబెట్టి రంధ్రాల్లోంచి రెసిన్ (గట్టిపడే జిగురు) ఎక్కించొచ్చు. ఇక్కడ చెక్కే కుళ్లింది. ఆ ముక్క కోసేసి ఐఎస్ 710 ప్రమాణం ఉన్న, నీళ్లను తట్టుకునే మెరైన్ ప్లై వేసి, కోసిన అంచుల్లోకి తేమ దిగకుండా ఎపాక్సీ పూయాలి. కింద అడ్డపట్టీలకు పైపై తుప్పే. ధరలో ఈ ఖర్చు తగ్గిస్తేనే తీసుకుంటామన్నాం. బేరం ఇంకా తెగలేదు.