మండువా ఇంటి గోడకు మళ్ళీ గానుగ సున్నం పూయించవచ్చా?

అమలాపురం దగ్గర మా తాతగారు కట్టిన మండువా ఇంటిని ఏడాదికో గది చొప్పున బాగుచేసుకుంటున్నాం. తొందరేమీ లేదు, ఆదివారాలు పని, సాయంత్రాలు మండువాలో నా వీణ సాధన, పెరట్లో మా ఆవిడ మల్లెపాదులు.

ఇప్పుడు పడమటి గది దగ్గర ఆగిపోయాం. పాత సున్నపు గోడమీద ఎప్పుడో సిమెంటు పూయించారు. నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా చెమ్మ. వేలితో గీస్తే తెల్లని ఉప్పు పొడిపొడిగా రాలుతోంది, వెనక ఇటుక మెత్తబడింది. లోపలి తడి బయటికి పోకుండా సిమెంటే అడ్డుపడుతోందని నా అనుమానం. దాన్ని చెక్కించేసి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపిన గానుగ సున్నం (ఇసుకతో కలిపి గానుగలో రుబ్బిన సున్నం) పూయించాలని ఉంది. చెక్కించాక గోడను ఎన్నాళ్ళు ఆరనివ్వాలి? ఈ పని తెలిసిన మేస్త్రీలు గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నారా? చేయించుకున్నవారు దయచేసి చెప్పండి.