ఇద్దరు పాయింట్ గార్డులను కలిపి ఆడించడం ఎలా?

అందరికీ నమస్కారం. కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్‌కు కోచింగ్ ఇస్తున్నాను. ఇద్దరు మంచి పాయింట్ గార్డులున్నారు (అంటే బంతి తెచ్చి ఆట నడిపేవాళ్లు), ఒకరిని బెంచ్ మీద కూర్చోబెట్టడానికి మనసొప్పడం లేదు. కలిపి దింపితే మాత్రం బంతి ఒకరి దగ్గరున్నంతసేపూ రెండో అమ్మాయి సైడ్‌లైన్ పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోతోంది. ఆమెను కాయాల్సిన డిఫెండర్ హాయిగా లోపలికొచ్చి దారి మూసేస్తోంది.

2017-18లో అమెరికా ఎన్‌బీఏ లీగ్ టీమ్ హ్యూస్టన్ రాకెట్స్, ఆట నడపగల ఇద్దరు గార్డులు క్రిస్ పాల్, జేమ్స్ హార్డెన్‌లతో 65 మ్యాచ్‌లు గెలిచింది. కోచ్ డాంటోనీ ఇద్దరినీ కలిపి మొదలుపెట్టినా, ఒకరు బెంచ్ మీదున్నప్పుడు రెండోవారు ఆట నడిపేలా నిమిషాలు పంచేవాడు. పైగా ఇద్దరూ త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేయగలరు. మా జూనియర్ అమ్మాయికి దూరం నుంచి షాట్ లేదు, అసలు చిక్కు అక్కడేనని నా అనుమానం.

షాట్ వచ్చేలోగా ఆమెతో ఏం చేయించాలి? స్క్రీన్ పెట్టించాలా (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబెట్టాలా), బేస్‌లైన్ (బాస్కెట్ వెనక గీత) వెంట కట్ చేయించాలా, అంటే చటుక్కున పరుగెత్తించాలా? డిఫెన్స్ ఇంకో దిగులు. ఇద్దరూ ఐదడుగుల రెండంగుళాలే, పొడుగు షూటింగ్ గార్డ్ ఎదురైతే ఎవరిని పెట్టాలి? ఒక్కో మనిషిని కాకుండా ఒక్కో చోటును కాసే జోన్ డిఫెన్స్‌కు మారిపోవడమే మేలా?

ఆడినవాళ్లు, ఆడించినవాళ్లు దయచేసి చెప్పండి. టోర్నమెంటుకు మూడు వారాలే ఉంది.