70 గంటలు పనిచేశామనే పెద్దవాళ్లు మొత్తం నిజం చెబుతున్నారా?

కృష్ణలంక_కుర్రాడు (చర్చ మొదలుపెట్టినవారు)
పారిశ్రామికవేత్తల ఇంటర్వ్యూలు బాగా వింటాను. బస్సులో, రాత్రి పడుకునే ముందు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్‌లో ఒకప్పుడు పనిచేసిన మోహన్‌దాస్ పాయ్‌తో మాట్లాడుతూ ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు మన యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. యుద్ధం తర్వాత జర్మనీ, జపాన్ అలాగే లేచాయన్నది ఆయన వాదన. 2025 జనవరిలో బయటికొచ్చిన వీడియోలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటల దాకా వెళ్లారు. ఆదివారం మీ చేత పనిచేయించలేకపోతున్నానని బాధపడ్డారు, ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారనీ అడిగారు. దాచుకోకుండా మాట్లాడారని కొందరు మెచ్చుకుంటున్నారు. నేను సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకుంటున్నాను. వీళ్ల మాట పట్టుకుని నడవొచ్చా?

ఆటోనగర్_షెడ్డు
నడవొచ్చు తమ్ముడూ. 1998లో విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు పెట్టాను. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి వెల్డింగ్ సెట్టు కొన్నాను. బండి ఆగినా లారీ ఓనరుకు ఫైనాన్స్ కిస్తీ ఆగదు. రాత్రి పన్నెండింటికి వచ్చి పొద్దున లోడు ఉందంటాడు. కాదంటే పక్క షెడ్డుకు పోతాడు, మళ్లీ రాడు. మొదటి ఆరేళ్లు దసరా, సంక్రాంతి తప్ప సెలవు తెలియదు. మూర్తి గారు చెప్పింది నేను చేసిందే. ఇప్పటి పిల్లలు ఆరు కాగానే చేతులు కడిగేసుకుంటున్నారు. ఇద్దరు కుర్రాళ్లను చేరదీసి పని నేర్పించాను. చేతికి పని రాగానే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారు.

రాత్రి_షిఫ్ట్
అన్నా, మీరు మీ షెడ్డు కోసం పనిచేశారు. ఆ 70 గంటల మాట షెడ్డు లేనివాళ్లకు చెప్పింది. గచ్చిబౌలిలో పదకొండేళ్లుగా అమెరికా క్లయింటు టైముకి పనిచేస్తున్నాను. 38 ఏళ్లకే బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క బయటపెట్టాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు దాటినవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఆ ఇంటర్వ్యూలో ఈ మాట ఎందుకు రాలేదు?

లెక్కల_మాస్టారు
ఒక చిన్న విషయం. పొద్దున 6:20కి ఆఫీసులో ఉండి రాత్రి 8:30కి బయటికొచ్చేవాణ్నని, వారానికి ఆరు రోజులు అలా చేశానని మూర్తి గారే ఇంకోచోట చెప్పారు. రోజుకు 14 గంటల 10 నిమిషాలు. ఆరు రోజులకు 85 గంటలు. మరి యువతను 70 ఎందుకు అడిగారు?

డల్లాస్_బాబాయ్
భోజనం, టీ తీసేస్తే 75కి దిగుతుంది మాస్టారూ.

లెక్కల_మాస్టారు
రోజుకు గంట తీసేసినా 79. మీరు గంటా నలభై నిమిషాలు తీసేస్తున్నారు. ఏ లెక్కన తీశారో చెప్పండి.

ఆటోనగర్_షెడ్డు
గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు షెడ్డు పెట్టలేడు మాస్టారూ. 1981లో ఏడుగురు కలిసి 10 వేల రూపాయలతో మొదలుపెట్టిన కంపెనీ అది. ఆ డబ్బు కూడా మూర్తి గారి ఆవిడ దాచుకున్నది. ఎక్కిన మెట్లు వదిలేసి ఎక్కాక కట్టిన మేడనే చూస్తున్నారు మీరంతా.

పద్మజ_తెనాలి
ఆవిడ దాచుకున్న డబ్బు అన్నారు కాబట్టి నేనూ ఒక మాట చెబుతాను. మాకు మందుల షాపుంది. మావారు ఎవరడిగినా రోజుకు పదమూడు గంటలు షాపులో ఉంటానని చెబుతారు, నిజమే. షాపు మూశాక బిల్లులు రాసేది నేను. ఎక్స్‌పైరీ మందులు వేరుచేసేది నేను. మా అత్తగారిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లేదీ నేనే. నా గంటలు ఇంతవరకు ఎవరూ అడగలేదు. భార్య ముఖం ఎంతసేపు చూస్తారన్న మాట విన్నాక చాలాసేపు నిద్రపట్టలేదు. మావారు ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉంటేనే నేను కాస్త నడుం వాల్చేది.

ఆటోనగర్_షెడ్డు
అమ్మా, మీ మాట కాదనను. మా ఇంట్లోనూ అంతే. గొలుసు విడిపించడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

గోదావరి_గట్టు
దాచుకోకుండా మాట్లాడటమంటే షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా పెట్టిన నితిన్ కామత్ 2024 ఫిబ్రవరిలో రాసింది చూడండి. తనకు స్వల్పంగా పక్షవాతం వచ్చిందని చెప్పి నాన్న పోవడం, నిద్ర లేకపోవడం, అలసట, అతిగా వ్యాయామం చేయడం కారణాలు కావచ్చని ఆయనే రాశారు. అలాంటివి వినాలి.

రాత్రి_షిఫ్ట్
షెడ్డు అన్నకు ఒక ప్రశ్న. మీరు రాత్రిళ్లు పనిచేసినప్పుడు మీ మేస్త్రీలు కూడా ఉన్నారు కదా. వాళ్లకు ఓటీ ఇచ్చారా? 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలే అంది. ఆపైన చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలంది.

ఆటోనగర్_షెడ్డు
చట్టం చదివి షెడ్డు పెట్టినవాణ్ని ఒక్కణ్ని చూపించండి. ఏసీలో కూర్చుని మాట్లాడటం తేలిక. రాత్రి పనికి బిర్యానీ తెప్పించాను, పండక్కి బట్టలు పెట్టాను. మీ కంపెనీ మీకేం పెట్టింది? నెలకు లక్షలు తీసుకుంటూ మమ్మల్ని దోషుల్లా నిలబెడుతున్నారు.

రాత్రి_షిఫ్ట్
నేను ఏసీలో పుట్టలేదు. మా నాన్న ఆటోనగర్‌లోనే లారీ కమాన్ల (స్ప్రింగు పట్టీల) మేస్త్రీ. ఇరవై రెండేళ్లు కమాను కట్టలు విప్పి బిగించాడు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండేవాడు కాదు, పడుకునేసరికీ వచ్చేవాడు కాదు. మీరు చెప్పే 70 గంటలు ఆయనా చేశాడు. ఓనరు పుస్తకంలో ఎప్పుడూ తొమ్మిది పేర్లే ఉండేవి. అప్పట్లో కరెంటు వాడే షెడ్డులో పదిమంది ఉంటే ఫ్యాక్టరీ కిందికి వచ్చేది కాబట్టి. నాన్న పదకొండోవాడో పన్నెండోవాడో, లెక్కలో లేనివాడు. నడుం పోయాక ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు కూడా లేదు. ఓనరు ఇంటర్వ్యూలు ఇస్తే కష్టపడి పైకొచ్చానంటాడు, నిజమే. నాన్నను ఎవరు ఇంటర్వ్యూ చేస్తారు?

మోడరేటర్
ఇద్దరూ వ్యక్తిగతంగా వెళ్లకండి. చర్చ తెరిచే ఉంచుతున్నాను.

లెక్కల_మాస్టారు
డల్లాస్ గారు ఇంకా జవాబివ్వలేదు.

ఆటోనగర్_షెడ్డు
పొద్దుటి నుంచి నాలుగుసార్లు రాసి చెరిపేశాను. నా పుస్తకంలోనూ చాలా ఏళ్లు తొమ్మిది పేర్లే ఉన్నాయి. షెడ్డులో పద్నాలుగు మంది ఉండేవారు. పదో పేరు రాస్తే ఈఎస్‌ఐ కట్టాలి, ఇన్‌స్పెక్టరు వస్తాడు, రిజిస్టర్లు రాయడానికి ఒక మనిషిని పెట్టుకోవాలి. ఆ రోజుల్లో అవన్నీ చేసుంటే రెండో ఏడే మూసేసేవాణ్ని. అది తప్పంటే ఒప్పుకుంటాను. షెడ్డు పెట్టడమే తప్పంటే ఒప్పుకోను.

గోదావరి_గట్టు
ఇన్ఫోసిస్ 1990ల్లోనే ఉద్యోగులకు షేర్లు ఇచ్చింది కదా. ఆ రోజుల్లో అక్కడ రాత్రిళ్లు కూర్చున్నవాళ్లకు ఏదో చేతికొచ్చింది. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు అలాంటి షేర్లు ఉండవు, గంటలు మాత్రం అడుగుతున్నారు. నా గొడవ అదే.

ఆటోనగర్_షెడ్డు
లారీ షెడ్డులో షేర్లు ఎలా పంచుతారండీ? కిస్తీలు కట్టాక మిగిలేదెంత?

రాత్రి_షిఫ్ట్
షేర్లు ఎవరూ అడగలేదన్నా. మీరు పనిచేసిన గంటలు చెప్పేటప్పుడు ఆ పద్నాలుగు మంది గంటలు కూడా చెప్పమంటున్నాను. ఈ కుర్రాడు రేపు షెడ్డు పెడితే పదో పేరు ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకుంటాడు.

కృష్ణలంక_కుర్రాడు
నేను పెట్టాలనుకున్నది కర్రీ పాయింటు అన్నా. ఇద్దరు వంటవాళ్లు, ఒక హెల్పరు. పొద్దున నాలుగింటికి కూరగాయలు తరగడం మొదలవుతుంది, రాత్రి పదికి గిన్నెలు కడగడం అవుతుంది. రెండు షిఫ్టులకు మనుషుల్ని పెడితే మొదటి ఏడాది నష్టమే వస్తోంది. నిన్నటి దాకా ఒకే షిఫ్టు వేసుకున్నాను. ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.

ఆటోనగర్_షెడ్డు
తమ్ముడూ, ఫోన్ చెయ్యి, గ్యాసు, అద్దె ఖర్చులు నేను చెబుతాను. రాత్రి షిఫ్ట్ గారూ, మీ నాన్నగారు ఎన్నో రోడ్డులో పనిచేశారు?

రాత్రి_షిఫ్ట్
చెప్పనన్నా. ఆ ఓనరు ఇంకా ఉన్నారు. మా అక్క పెళ్లికి అడక్కుండానే పాతికవేలు తెచ్చిచ్చింది ఆయనే.

ఆటోనగర్_షెడ్డు
మరి ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు?

రాత్రి_షిఫ్ట్
ఆ పాతికవేలు తర్వాత జీతంలో నెలనెలా కోసుకున్నారు. అయినా నాన్న ఇప్పటికీ ఆయన్ని దేవుడంటాడు. దాని మీదే మా ఇంట్లో నాకూ నాన్నకూ గొడవ.