ఒకసారి కట్టుకుని వెనక్కి పంపడం: హక్కా, మోసమా?

కొంగుముడి (చర్చ మొదలుపెట్టినవారు)

పెళ్ళిళ్ళ సీజన్ వస్తే చాలు, ఆన్‌లైన్‌లో బట్టలమ్మేవాళ్ళందరిదీ ఒకటే గోల. శుక్రవారం చేరిన లెహంగా సోమవారానికల్లా "సైజు సరిపోలేదు" అని తిరిగొస్తుంది, సెంటు వాసనతో సహా. కొనేవాళ్ళేమో "ఏడు రోజుల రిటర్న్ అని మీరే రాశారు, ట్యాగు కూడా తియ్యలేదు, ఇంకేం కావాలి?" అంటారు.

ఇంట్లో అద్దం ముందు తొడిగి చూసుకోవడం గురించి కాదు నేనడిగేది. ఫంక్షన్‌కో, ఫొటోలకో వేసుకుని, ఆ సంగతి దాచి, మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవడం గురించి. తప్పా, కాదా? తప్పయితే నష్టం ఎవరికి, ఎంత? సొంత కథలు వద్దు. లెక్కలు, కారణాలు చెప్పండి.

మగ్గంగుంట

లెక్క అడిగిన్రు కాబట్టి లెక్కనే చెప్త. 900 రూపాయల కుర్తా సెట్టు అనుకోండి. సరుకు ఖర్చు 600. కమిషన్, కొరియర్, ప్యాకింగ్ అన్నీ కలిపి 180. మిగిలేది 120. ఇవి ఉజ్జాయింపు అంకెలు, బరువును బట్టి, దూరాన్ని బట్టి మారతయి.

ఇప్పుడది వెనక్కొచ్చింది. పోయిన కొరియర్ 70, వచ్చిన కొరియర్ 90, కొత్త కవరు, లేబులు 12. కమిషన్ మాఫీ అయినా 172 పాయె. అంటే ముట్టుకోని సెట్టు తిరిగొచ్చినా ఒకటిన్నర సెట్టు లాభం పోయినట్టే. అది యాపారంల ఉండేదే, దానికి ఎవ్వరం ఏడ్వం. అదే వాడి పంపితే ఆ సెట్టు సెకండ్స్ (లోపమున్న సరుకు) మూటల 300కు పోతది. ఇంకో 300 నష్టం. మొత్తం 472, దగ్గర దగ్గర నాలుగు సెట్లమ్మితే వచ్చే లాభం.

పట్టుచీరయితే చెప్పనే వద్దు. చీర కొత్తదా కాదా అనేది మడతనే చెప్తది. మగ్గం నుంచి దిగినంక వేసిన మడత గీతలు ఒక తీరుగ ఉంటయి. కట్టి విప్పి మళ్ళ మడిచిన్రంటే పాత గీత పక్కన కొత్త గీత పడతది, ఇస్త్రీ చేసినా రెండూ కనపడతయి. భుజం కాడ పిన్ను గుచ్చిన చోట పోగు జరుగుతది. వెండి జరీ అయితే చెమట ఉప్పుకు, సెంటుకు నల్లబడతది. అది ఆ దినమే కనపడది, బీరువాల రెండు నెలలుంటే బయటపడతది. అప్పటికి ఆ చీర ఇంకొకరి ఇంట్ల ఉంటది. తిట్లు మాత్రం నేసినోనికి.

ధరెక్కువే

"పాపం అమ్మేవాడు" అని పాట ఎత్తుకునే ముందు రెండో వైపు కూడా చూడండి. రిటర్న్ ఖర్చు ధరలోనే వేసేశారు. కొన్ని ఆప్‌లలో ఇప్పుడు ఒకే డ్రెస్సుకి రెండు రేట్లు కనిపిస్తున్నాయి: ఏ కారణంతోనైనా తిప్పి పంపొచ్చంటే ఒక రేటు, తప్పు సరుకో డ్యామేజీయో వస్తేనే తీసుకుంటామంటే ఇంకాస్త తక్కువ. నేను ఎక్కువ రేటు కట్టానంటే ఆ సౌకర్యాన్ని కొనుక్కున్నట్టే కదా?

ఇక సైజుల సంగతి. ఒక బ్రాండులో "ఎం" అంటే ఛాతీ 38, పక్క బ్రాండులో 40. స్టూడియో లైట్లలో మెరిసిన "సిల్క్" ఇంటికొచ్చాక పాలియెస్టర్. చంక దగ్గర పడుతుందో లేదో గంటసేపు వేసుకుని కూర్చుంటే గానీ తెలియదు. అన్నిటికన్నా ముఖ్యమైనది: వాడిన బట్టని వెనక్కి తీసుకుని వీళ్ళేం చేస్తున్నారు? ఇస్త్రీ కొట్టి, కొత్త కవర్లో పెట్టి, కొత్తదని నాకే అమ్ముతున్నారు. మరి మోసం ఎవరిది?

తిరుగుమూట

రిటర్న్ సరుకు చూసే టేబుల్ వైపు నుంచి. ఒక్కో పీసుకి రెండు నిమిషాలు దొరికితే గొప్ప, పండగల్లో అదీ ఉండదు. అందుకే చూడటానికి ఒక వరస ఉంటుంది.

ముందు వాసన. కవరు విప్పిన మొదటి క్షణంలోనే తెలుస్తుంది, బట్ట పరిచాక గాలికి పోతుంది. తర్వాత ట్యాగు. గన్‌తో కొట్టిన ప్లాస్టిక్ పిన్ను తెంపి మళ్ళీ కొడితే పాత రంధ్రం పక్కన కొత్త రంధ్రం ఉంటుంది. తెంపకుండా లోపలికి దోపి వేసుకుంటే ట్యాగు అట్ట వంగి, అంచులు మెత్తబడతాయి. ఆ తర్వాత కాలర్ లోపలి మడత, లైటుకి ఏటవాలుగా పట్టుకుని: ఫౌండేషన్ మరక అక్కడే దాక్కుంటుంది. చంకలు తిరగేసి చూడాలి. డియోడరెంట్ తెల్లటి పొక్కులా అంటుకుంటుంది, చెమట ఆరిన చోట బట్ట కాస్త బిగుసుకుంటుంది. ప్యాంటుకైతే మోకాళ్ళ వెనక అడ్డ ముడతలు. చీరకైతే కాళ్ళ దగ్గర అంచు మీద బూడిదరంగు గీత. జేబుల్లో పార్కింగ్ చీటీలు, లెహంగా మడతల్లో పసుపు అక్షింతలు. గింజ దొరికాక ఇక వాదన లేదు.

యూవీ టార్చి కూడా వాడతారు. పసుపు మరక దాని కింద పచ్చగా మెరుస్తుంది. సబ్బుపొడిలో ఉండే తెల్లదనపు రసాయనం నీలంగా మెరుస్తుంది కాబట్టి ఉతికిన బట్ట తెలుస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: తెల్లబట్టకి మిల్లులోనే ఆ రసాయనం పట్టిస్తారు. అమ్ముడుపోని అదే మోడల్ పీసు పక్కన పెట్టి పోల్చకపోతే ఉతకనిదాన్ని ఉతికారని కొట్టేస్తారు.

అందుకే ఒక్క గుర్తు చూసి "వాడారు" అనకూడదు. తల మీంచి తొడిగే కుర్తాకి ఒక్క నిమిషం ట్రయల్‌లోనే పౌడర్ అంటుకుంటుంది. అంతకుముందు ఇంకొకరు తిప్పి పంపిన పీసే ఈవిడకి వెళ్ళి ఉండొచ్చు కూడా. అప్పుడు చేసిందొకరు, మాట పడేది ఇంకొకరు.

@ధరెక్కువే, మీ చివరి ఆరోపణ నిజమే. తిరిగొచ్చిన పీసుల్ని ఏ (కొత్తదిగా మళ్ళీ అమ్మదగ్గది), బీ, సీ అని వేరుచేసే పద్ధతి కాగితం మీద బానే ఉంటుంది. ఒత్తిడి పెరిగితే బీ కూడా ఏ లోకి పోతుంది. కానీ దాన్నుంచి మీకు వచ్చే జవాబు వేరు. మీరు దాచి పంపిన చెమట కంపెనీ యజమాని ఒంటికి అంటదు, మీలాగే పూర్తి ధర కట్టిన ఇంకో అమ్మాయికి అంటుతుంది.

సూదీదారం

కుట్టుపని వైపు నుంచి చిన్న మాట. ఫాల్ కుట్టి విప్పినా అంచు పొడవునా సూది రంధ్రాల వరస మిగులుతుంది, పట్టు మీద అది పూడదు. పక్క కుట్టు విప్పి బిగించిన డ్రెస్సూ అంతే. కాబట్టి ఉంచుకుంటామని తేలేదాకా పికో, ఫాల్, ఆల్టరేషన్ జోలికి పోవద్దు.

గంటసేపు వేసుకుంటే గానీ తెలియదన్నారు. అక్కర్లేదు. డ్రెస్సుని బల్ల మీద పరిచి చంక నుంచి చంకకి టేపు పెట్టండి, వచ్చినదాన్ని రెట్టింపు చెయ్యండి. సాగని కాటన్ కుర్తా అయితే మీ ఛాతీ కొలత కంటే 3 నుంచి 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి. 2 కంటే తక్కువైతే తొడగనే వద్దు, అలాగే పంపెయ్యండి. సరిపోయేలా ఉంటే ముఖం కడిగి, సెంటు లేకుండా, తలకి పల్చటి చున్నీ కప్పుకుని తొడగండి. రెండు చేతులూ పైకెత్తండి, కుర్చీలో కూర్చోండి, కింద పడిన వస్తువు తీస్తున్నట్టు వంగండి. పది నిమిషాల్లో సంగతంతా తేలిపోతుంది.

పీనల్‌కోడు

చట్టం దగ్గర అమ్మేవైపు, కొనేవైపు ఇద్దరూ తికమక పడుతున్నారు. మన దేశంలో "మనసు మారింది" అని తిరిగిచ్చే హక్కు చట్టంలో లేదు, అది దుకాణం ఇచ్చే వెసులుబాటు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం లోపమున్న వస్తువుని, బిల్లులో రాసిన గడువులోగా (ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా) వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. 2020 ఈ-కామర్స్ నియమాలు వెనక్కి తీసుకోవాల్సిన కారణాలు మరికొన్ని జోడించాయి: నకిలీ, ప్రకటనలో చెప్పినట్టు లేకపోవడం, చెప్పిన తేదీకి రాకపోవడం. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే బోర్డు లోపమున్న సరుకుకి చెల్లదు.

అంటే పాలియెస్టర్‌ని సిల్క్ అని అమ్మితే వెనక్కిచ్చే హక్కు మీకు ఎలాగూ ఉంది. దానికోసం ఫంక్షన్‌కి కట్టుకెళ్ళక్కర్లేదు. మరోవైపు, వేసుకున్నాకనో ఉతికాకనో బయటపడే లోపాలుంటాయి: రంగు దిగడం, మొదటి వాడకంలోనే కుట్లు జారడం. అలాంటప్పుడు వాడిన బట్ట వెనక్కివ్వడంలో ఏ తప్పూ లేదు, "వాడారు కాబట్టి తీసుకోం" అనడమే తప్పు. ముదురు రంగైతే వేసుకునే ముందే తడి తెల్లగుడ్డతో లోపలి అంచుని రుద్ది, ఫొటో తీసి పెట్టుకోండి.

కొనేటప్పుడే "వాడి ఇచ్చేద్దాం" అనుకుని, తర్వాత "సైజు సరిపోలేదు" అని అబద్ధం రాస్తే అది భారతీయ న్యాయ సంహిత 318లో చెప్పిన మోసానికి బాగా దగ్గరికొస్తుంది. ఒక్క కుర్తా కోసం ఎవరూ స్టేషన్‌కెళ్ళరన్నది వేరే సంగతి.

డల్లాస్‌గాలి

ఇక్కడ అమెరికాలో ఇది పాత జబ్బే. 2013లో బ్లూమింగ్‌డేల్స్ అనే పెద్ద దుకాణాల సంస్థ ఖరీదైన డ్రెస్సులకి మూడంగుళాల నల్ల ప్లాస్టిక్ ట్యాగు పెట్టింది, అదీ అందరికీ కనిపించేలా కింది అంచు మీద. పీకితే రిటర్న్ లేదు. అదే ఏడాది ఆర్ఈఐ అనే ఇంకో దుకాణాల సంస్థ ఎప్పుడైనా తెచ్చివ్వొచ్చన్న వాగ్దానాన్ని ఏడాదికి కుదించింది. బట్టలమ్మే ఎల్ఎల్ బీన్ జీవితకాల రిటర్న్‌ని 2018లో ఎత్తేసింది. 2024లో ఆన్‌లైన్‌లో బట్టలమ్మే ఏసోస్ బ్రిటన్‌లో తరచూ తిప్పి పంపేవాళ్ళ మీద 3.95 పౌండ్ల రుసుము వేసింది. యూరప్‌లో ఆన్‌లైన్ కొనుగోలుకి 14 రోజుల్లోగా మనసు మార్చుకునే హక్కు చట్టంలోనే ఉంది, అక్కడ కూడా చూసుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువ వాడితే తగ్గిన విలువ కొన్నవాళ్ళ మీదే పడుతుంది.

ఇంటర్వ్యూ సూటు కొని, సాయంత్రానికి తిరిగిచ్చే మన విద్యార్థుల గురించి కూడా చెప్పాలి. జేబులో డబ్బుల్లేని పిల్లాణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాదు. కానీ చాలా యూనివర్సిటీల్లో కెరీర్ క్లోజెట్ అని ఉంటుంది, సూటు ఉచితంగా ఇస్తారు, కొన్నిచోట్ల ఉంచుకోనిస్తారు కూడా. కెరీర్ సెంటర్‌కి ఒక మెయిల్ పెడితే పోయేదానికి ఈ దొంగాట దేనికి? పైగా చాలా గొలుసు దుకాణాలు రిటర్న్‌లను ఐడీ నంబరు మీద లెక్కపెడతాయి. పరిమితి దాటితే తర్వాత నిజంగా చిరిగినది తెచ్చినా యంత్రం వద్దంటుంది.

ధరెక్కువే

సిల్క్ సంగతి, కొలతల సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా ఒకటి తేల్చండి. నేతన్న దగ్గర చెయ్యకూడదు, సరే. వేల కోట్ల కంపెనీకి ఒక్క గౌను వెనక్కొస్తే ఏమవుతుంది? రెండిటినీ ఒకే గాటన కట్టడం నాకు మింగుడుపడదు.

మగ్గంగుంట

డబ్బా మీద పెద్ద కంపెనీ పేరుంటది. ఆప్‌ల ఆ డ్రెస్సు కిందికి జరిపి, చిన్న అక్షరాలల్ల "అమ్మకందారు" అని ఉన్న చోట చూడండి. సూరత్ల నాలుగు మిషన్ల యూనిట్ ఉంటది, లేకుంటే సిరిసిల్లల ఒక కుటుంబం ఉంటది. మీరు కంపెనీని కొడ్తున్ననని అనుకుంటున్నరు, చాలాసార్లు దెబ్బ తగిలేది వీళ్ళకు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టుంది మీ లెక్క.

హ్యాంగర్‌మేళం

షూటింగుల వైపు నుంచి ఒక పోలిక. స్టైలిస్టులు డిజైనర్ల దగ్గర బట్టలు తెస్తారు, ఒక ఫొటోషూట్‌కి వాడతారు, తిరిగిచ్చేస్తారు. దీన్ని సోర్సింగ్ అంటారు. ఎవరూ మోసం అనరు. ఎందుకంటే ఏ తేదీకి ఇవ్వాలి, డ్రై క్లీనింగ్ ఎవరు చేయించాలి, మరక పడితే ఎవరు కట్టాలి, పోస్టులో డిజైనర్ పేరు వెయ్యాలి అన్నది ముందే మాట్లాడుకుంటారు. ఆ డిజైనర్ కూడా ఆ పీసుని కొత్తదని అమ్మడు, శాంపిల్ రాక్‌లో పెడతాడు. ఒక రోజు మెరవడమే కావాలంటే మామూలువాళ్ళకీ అద్దె దుకాణాలున్నాయి. అడ్వాన్సు కడతారు, మరక పడితే అందులో కోస్తారు. అదీ పద్ధతి.

కొంగుముడి

ఒక్క ప్రశ్న మిగిలింది. వాడినది కొత్తదని మన చేతికొస్తే?

పీనల్‌కోడు

కవరు కోసే ముందు నుంచి వీడియో మొదలుపెట్టండి. చిరునామా లేబులు, సీలు, ట్యాగు ఒకే షాట్‌లో, మధ్యలో ఆపకుండా. మరక, పిన్ను రంధ్రం దగ్గరగా తియ్యండి. తొడగొద్దు. కారణం దగ్గర "సైజు" కాకుండా "వాడిన వస్తువు వచ్చింది" లేదా "లోపం" అని పెట్టండి, ఎందుకంటే సైజు అని పెడితే ఆ పీసు మళ్ళీ నేరుగా అమ్మకపు అరలోకే పోతుంది. పికప్‌కి వచ్చినవాళ్ళ రసీదు దాచండి. వాళ్ళు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్. అదీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు వెయ్యొచ్చు.

తిరుగుమూట

దానికి ఒకటి కలుపుతాను. మరక ఉన్న చోట కాగితం టేపు అంటించి బాణం గుర్తు వెయ్యండి. టేబుల్ దగ్గర రెండు నిమిషాల్లో అది కచ్చితంగా కంట్లో పడుతుంది, ఏ లోకి పోదు.